ట్యాంకును చూసి దేశాన్ని చూడు!

యుద్ధ ట్యాంకుకు కావలసినవి మూడే మూడు: గట్టి ఫిరంగి, మందపాటి కవచం, చురుకైన పరుగు. చిక్కేమిటంటే, ఒకటి పెంచితే మిగతా రెండూ తగ్గుతాయి. మరి ఏది పెంచుకోవాలి, ఏది వదులుకోవాలి? ఇక్కడే ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది. తమకు ఏది పుష్కలమో, దేనికి కరువో, దేనికి భయమో అంతా తమ ట్యాంకులోనే రాసిపెట్టుకున్నాయి. పదండి, ఒక్కొక్కదాని గుట్టు విప్పుదాం!

మీకు తెలుసా? ట్యాంకు పుట్టింది ఓడలవాళ్ల బుర్రలో! 1915 ఫిబ్రవరిలో బ్రిటన్ నౌకాదళ మంత్రిగా ఉన్న విన్‌స్టన్ చర్చిల్ ‘నేలమీద నడిచే ఓడ’ కోసం ఒక కమిటీ వేశారు. లింకన్ పట్టణంలో వ్యవసాయ యంత్రాలు చేసే కంపెనీ దాన్ని తయారుచేసింది. ఆలోచన సముద్రానిది, పనితనం పొలానిది, వెళ్లింది మాత్రం బురదలోకి!

1916 సెప్టెంబర్ 15, ఫ్రాన్స్‌లోని సోమ్ రణరంగం. ‘మార్క్-1’ తొలిసారి యుద్ధంలోకి కదిలింది. బరువు దాదాపు 28 టన్నులు, లోపల ఎనిమిది మంది. అందులో నలుగురు బండి నడపడానికే కావాలి! ఇంత కష్టపడితే వేగం ఎంతో తెలుసా? గంటకు 6 కిలోమీటర్లు. చురుగ్గా నడిచే మనిషి పక్కనుంచి దాటుకుని పోవచ్చు!

మీకు తెలుసా? ఆ ట్యాంకులో ఇంజనుకు వేరే గదే లేదు. సిబ్బంది మధ్యలోనే గర్జిస్తూ ఉండేది. వేడి 50 డిగ్రీల దాకా పోయేది. మాట వినపడదు కాబట్టి స్పానర్‌తో ఇనుము మీద టంగుటంగున కొట్టి సైగలు చేసుకునేవారు. మరి బయటికి కబురు పంపాలంటే? పావురం! అవును, ట్యాంకులో పావురాలు ప్రయాణించేవి!

ఇంకో వింత. ఆ ట్యాంకుల్లో ఆడా మగా ఉండేవి! రెండు వైపులా 57 మిల్లీమీటర్ల ఫిరంగులు ఉంటే మగ ట్యాంకు. ఒట్టి మెషిన్‌గన్‌లే ఉంటే ఆడ ట్యాంకు. ఇదేదో సైనికుల సరదా మాట అనుకునేరు, అధికారిక రికార్డుల్లో ఉన్న పేర్లే!

1918 ఏప్రిల్ 24న విలెర్-బ్రెతొన్నూ దగ్గర ట్యాంకు, ట్యాంకు తొలిసారి ఎదురుపడ్డాయి. బ్రిటన్ వైపు రెండు ఆడ, ఒక మగ. మెషిన్‌గన్ తూటాలు జర్మన్ ఉక్కును ఏమీ చేయలేకపోయాయి, ఆడ ట్యాంకులు దెబ్బతిని వెనక్కి తగ్గాయి. మగ ట్యాంకే నిలిచి కొట్టింది. దాంతో బ్రిటన్‌వాళ్లు ఏం చేశారో ఊహించండి. ఒక పక్క ఫిరంగి, ఇంకో పక్క మెషిన్‌గన్ బిగించారు. అర్ధనారీశ్వర ట్యాంకు!

మీకు తెలుసా? ఆ రోజు ఎదురొచ్చిన జర్మన్ ట్యాంకు ఎ7వి లోపల 18 మంది కూర్చునేవారు! మొత్తం తయారైనవి ఎన్ని? 20. అప్పుడు జర్మనీ నడిపిన ట్యాంకుల్లో సొంతవాటికంటే బ్రిటన్ నుంచి పట్టుకున్నవే ఎక్కువ!

ఇప్పుడు ఫ్రాన్స్ వంతు. 1917లో రెనో కంపెనీ ‘ఎఫ్‌టి’ అనే బుల్లి ట్యాంకు తెచ్చింది. ఆరున్నర టన్నులు, ఇద్దరే మనుషులు. ముందు డ్రైవరు, వెనక ఇంజను, నడినెత్తిన గుండ్రంగా తిరిగే టరెట్. ఈ అమరిక ఎక్కడో చూసినట్టుందా? వందేళ్లు దాటినా ప్రపంచంలోని ట్యాంకుల్లో అత్యధికం ఇదే నమూనా! ట్యాంకుల చరిత్రలో అన్నిటికంటే తెలివైన గీత గీసింది ఫ్రెంచివాళ్లేనని నా తీర్పు. ఏకంగా 3,000కు పైగా తయారుచేశారు.

మరి అదే ఫ్రాన్స్ ఆ వెంటనే ఏం చేసిందో తెలుసా? 69 టన్నుల రాక్షసిని కట్టింది! పేరు ‘2సి’. పొడవు 10 మీటర్ల పైనే, సిబ్బంది 12 మంది. పది చేసి ఊరుకున్నారు. 1940లో వాటిని రైలెక్కించి తరలిస్తుండగా దారి మూసుకుపోయింది. శత్రువు చేతికి చిక్కకూడదని సొంత సిబ్బందే పేల్చేయాల్సి వచ్చింది. అంత పెద్ద ట్యాంకు, ఒక్క శత్రు ట్యాంకుతో కూడా తలపడలేదు!

మీకు తెలుసా? 1940లో చాలా ఫ్రెంచి ట్యాంకుల టరెట్‌లో ఒక్కడే మనిషి! గుండు పెట్టేది అతనే, గురి చూసేది అతనే, పేల్చేది అతనే, దళానికి ఆజ్ఞలు ఇచ్చేదీ అతనే! జర్మన్ పంజర్-3లో అదే పనికి ముగ్గురు: కమాండరు, గన్నరు, లోడరు. పైగా రేడియో. కవచంలో ఫ్రాన్స్‌దే పైచేయి. చేతుల లెక్కలో మాత్రం ఒకటికి మూడు!

అయినా ఆ ఫ్రెంచి ఉక్కును తక్కువ అంచనా వేయకండి. 1940 మే 16న స్టోన్ గ్రామంలోకి ‘ఊర్’ అనే బి1 ట్యాంకు ఒంటరిగా దూసుకెళ్లింది. కమాండరు పియెర్ బియోట్. 13 జర్మన్ ట్యాంకులను ధ్వంసం చేసింది. దానికి తగిలిన దెబ్బలు 140. లోపలికి దిగినవి? సున్నా!

ఇక జర్మనీ. ఇక్కడ కాస్త ఆగుదాం, వింతలు కుప్పలు తెప్పలు!

మీకు తెలుసా? ‘టైగర్’ ట్యాంకుకు రెండు జతల చెప్పులు! యుద్ధానికి 725 మిల్లీమీటర్ల వెడల్పాటి గొలుసు పట్టా, రైలు ప్రయాణానికి 520 మిల్లీమీటర్ల సన్నది. 57 టన్నుల బండి మామూలుగా రైలు వ్యాగన్ మీద పట్టేది కాదు. రైలెక్కే ముందు ఒక జత విప్పాలి, దిగాక మరో జత తొడగాలి. బయటి వరస చక్రాలు కూడా ఊడదీయాలి. యుద్ధానికి ముందే చెమటలు!

ఆ చక్రాల సంగతి వింటే నోరెళ్లబెడతారు. టైగర్ చక్రాలు ఒకదాని మీదికి ఒకటి వరసలుగా అల్లుకుని ఉంటాయి. బరువు సమానంగా పడుతుంది, ప్రయాణం హాయిగా ఉంటుంది. ఇంజనీరుకు ఎంత ముచ్చటో! మరి లోపలి చక్రం ఒకటి పాడైతే? దానికి అడ్డొచ్చే బయటి చక్రాలన్నీ విప్పాలి. రష్యా చలికాలంలో ఆ సందుల్లో బురద రాత్రికి రాత్రే గడ్డకట్టేది. తెల్లారేసరికి పులి కదలదు!

మీకు తెలుసా? టైగర్ నడపడం నేర్పే పుస్తకం నిండా ప్రాసలూ పద్యాలూ, కార్టూన్లూ, అందమైన అమ్మాయిల బొమ్మలూ! 1943లో సైన్యమే అచ్చు వేయించింది. కుర్ర సైనికులు పొడి సూచనలు చదవరని, నవ్విస్తే గుర్తుంటాయని వాళ్ల లెక్క. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లకు ఆనాడే దారి చూపించారు!

ఇంత శ్రద్ధగా చేస్తే ఎన్ని టైగర్లు తయారయ్యాయి? దాదాపు 1,350. రెండేళ్లకు అంతే! జర్మనీకి నిపుణులైన పనివాళ్లు ఉన్నారు. పెట్రోలు, ఉక్కు, సమయం లేవు. ఉన్న కొద్దిలో ఒక్కోటి మేటిగా ఉండాలనుకున్నారు. ఆ లెక్క ఎంత దూరం పోయిందో ముందు ముందు చూడండి.

ఫెర్డినాండ్ పోర్షే, అవును, ఆ కార్ల పోర్షేనే, టైగర్ పోటీకి ఒక నమూనా ఇచ్చారు. పెట్రోలు ఇంజన్లు కరెంటు పుట్టిస్తాయి, ఆ కరెంటుతో మోటార్లు చక్రాలు తిప్పుతాయి. అంటే 1942లోనే హైబ్రిడ్ బండి! పోటీలో ఓడింది. అయితే ఫలితం రాకముందే దాదాపు 90 ట్యాంకుల కింది భాగాలు తయారైపోయాయి. పారేస్తారా? వాటి మీద పెద్ద ఫిరంగి బిగించి కొత్త బండి చేశారు. పేరేం పెట్టారో చెప్పండి. ‘ఫెర్డినాండ్’!

మీకు తెలుసా? ప్రపంచంలో ఇప్పటిదాకా తయారైన అతి బరువైన ట్యాంకు 188 టన్నులు! అదీ పోర్షే చేతి పనే. దాని పేరు ‘మౌస్’, అంటే చిట్టెలుక! ఏ వంతెనా దాని బరువు ఆపలేదు. మరి నది దాటేదెలా? నీళ్లలో మునిగి, అడుగున నడిచి! మునిగిన ట్యాంకు ఇంజను నడవదు కాబట్టి గట్టు మీద నిలబడ్డ ఇంకో చిట్టెలుక తీగ ద్వారా దానికి కరెంటు ఇవ్వాలట! చేసినవి రెండే. మిగిలిన ఒక్కటి ఇప్పుడు మాస్కో దగ్గరి కుబింకా మ్యూజియంలో ఉంది.

1943 జులైలో కుర్స్క్ యుద్ధానికి జర్మనీ దాదాపు 200 సరికొత్త ‘పాంథర్’ ట్యాంకులు దింపింది. గొప్ప ఫిరంగి, గొప్ప కవచం. వారం తిరక్కముందే నడిచే స్థితిలో ఉన్నవి కొన్ని పదులే! శత్రువు కొట్టినవి కొన్నయితే, ఇంజనూ గేరుబాక్సూ పడుకోబెట్టినవి బోలెడు!

ఇప్పుడు సరిగ్గా దీనికి ఎదురు దిక్కుకు వెళ్దాం. రష్యా!

మీకు తెలుసా? ఆ యుద్ధకాలంలో సోవియట్ యూనియన్ టి-34 ట్యాంకులు 50,000కు పైగా చేసింది! టైగర్ ఒకటి పుట్టే లోపు ముప్ఫై అయిదుకు పైగా టి-34లు! ఇక్కడ సొగసుకు చోటు లేదు. వెల్డింగ్ అతుకులు ఎగుడుదిగుడు, పోత ఉక్కు గరుకు. కనపడే చోట నునుపు ఎందుకు? తగిలే చోట గట్టిగా ఉందా లేదా, అంతే!

టి-34 పుట్టుక కథ వింటే కన్ను చెమ్మగిల్లుతుంది. డిజైనరు మిఖాయిల్ కోష్కిన్. 1940 మార్చిలో రెండు నమూనాలు ఖార్కొవ్ నుంచి మాస్కోకు మంచులో నడుచుకుంటూ వెళ్లాయి. నమ్మకం కలిగించాలని ఆయన కూడా వెంట వెళ్లారు. ఆ చలికి న్యుమోనియా పట్టుకుంది. సెప్టెంబర్‌లో కన్నుమూశారు. తన ట్యాంకు యుద్ధం చేయడం ఆయన చూడనే లేదు!

మీకు తెలుసా? టి-34 నడకకు మూలం ఒక అమెరికన్ బుర్ర! వాల్టర్ క్రిస్టీ అనే ఇంజనీరు కొత్త రకం సస్పెన్షన్ కనిపెడితే సొంత దేశ సైన్యం పెద్దగా పట్టించుకోలేదు. రష్యావాళ్లు రెండు నమూనాలు కొన్నారు. టరెట్లు లేకుండా, వ్యవసాయ ట్రాక్టర్లని కాగితాల్లో రాసి ఓడెక్కించారు! ఆ ట్రాక్టర్లు దున్నిన పొలం ఏదో ప్రపంచమంతా చూసింది!

1941లో జర్మన్లు ముంచుకొస్తుంటే రష్యా తన ఫ్యాక్టరీలనే మూటగట్టి రైలెక్కించింది. ఖార్కొవ్ కర్మాగారం ఉరల్ కొండల్లోని నీజ్నీ తగిల్ చేరింది. అక్కడ అప్పటిదాకా ఏం చేసేవారో తెలుసా? రైలు వ్యాగన్లు! తర్వాతి కాలంలో టి-72, టి-90 కూడా అక్కడే పుట్టాయి. ఆ ఫ్యాక్టరీ పేరులో ఈరోజుకీ ‘వ్యాగన్’ అనే మాట ఉంది!

చెల్యాబిన్స్క్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీకి లెనిన్‌గ్రాడ్ ఫ్యాక్టరీ వచ్చి కలిసింది. ఊరి పేరే జనం నోట్లో మారిపోయింది: ‘టాంకోగ్రాడ్’! ఊరికి ట్యాంకు పేరు రావడమంటే మాటలా!

మీకు తెలుసా? టి-34 ధర 1941తో పోలిస్తే 1943కల్లా దాదాపు సగానికి పడిపోయింది! యుద్ధం జరుగుతుంటే ధర తగ్గడమేమిటి? అక్కర్లేని ప్రతి భాగాన్నీ పీకేశారు, చేసే పద్ధతిని సులువు చేస్తూ పోయారు. కీవ్ శాస్త్రవేత్త యెవ్‌గేనీ పాటన్ కనిపెట్టిన ఆటోమేటిక్ వెల్డింగ్ వచ్చాక, ఏళ్ల అనుభవమున్న వెల్డరు చేసే పని కొత్తగా చేరినవాళ్లే చేయగలిగారు. యుద్ధంలో ట్యాంకు ఎన్నాళ్లో బతకదు, మరి పదేళ్ల మన్నిక ఎందుకు అన్నది రష్యా లెక్క. వినడానికి కఠినమే. గెలిపించిన లెక్క కూడా అదే!

అయితే లోపల కూర్చున్నవాడి గోడు వేరు. తొలి టి-34లో కమాండరే గన్నరు కూడా. చాలావాటికి రేడియోలే లేవు, జెండాలు ఊపాలి! తూటాలు కురుస్తుంటే మూత తెరిచి జెండా ఊపే ధైర్యం ఎవరికుంటుంది? వాళ్లకు ఉండేది!

మీకు తెలుసా? ట్యాంకుకు రెక్కలు కట్టి ఎగరేసిన ఘనత కూడా రష్యాదే! 1942లో విమానాల డిజైనరు ఒలెగ్ ఆంటొనొవ్ టి-60 అనే తేలిక ట్యాంకుకు రెండు వరసల రెక్కలు అమర్చారు. బాంబర్ విమానం దాన్ని లాక్కుంటూ పైకి తీసుకెళ్లింది. గాలికి ఆ ట్యాంకు ఎంత అడ్డం పడిందంటే విమానం లాగలేక మధ్యలోనే వదిలేసింది. పైలట్ దాన్ని క్షేమంగా దింపి, నేల మీద నడుపుకుంటూ ఇంటికి వచ్చాడు! ఒక్కటే ఎగురుడు. రెండోసారి ఎవరూ అడగలేదు!

అంతకుముందు జార్ కాలంలో ఇంకో విచిత్రమైన బండి. ముందు రెండు చక్రాలు ఒక్కోటి 9 మీటర్ల ఎత్తు! మూడంతస్తుల మేడంత! 1915లో పరీక్షకు తెచ్చారు. పెద్ద చక్రాలు దర్జాగా కదిలాయి. వెనకాల ఉన్న బుల్లి చక్రం మెత్తటి నేలలో దిగబడింది. మరి కదిలితే ఒట్టు! ఏళ్ల తరబడి అక్కడే నిలబడి, చివరికి పాత ఇనుము కింద పోయింది.

మీకు తెలుసా? ప్రపంచంలో అత్యధికంగా తయారైన ట్యాంకు కూడా రష్యాదే: టి-54, టి-55 జంట. లెక్క లక్షకు దగ్గరగా ఉంటుందని అంచనా! ఆఫ్రికా ఎడారి నుంచి వియత్నాం వరి మళ్ల దాకా దీని జాడ లేని యుద్ధం వెతకాలి!

రష్యన్ ట్యాంకు వెనక ఒక పెద్ద దుంగ కట్టి ఉంటుంది, ఎప్పుడైనా గమనించారా? అలంకారం అనుకోకండి. బురదలో దిగబడితే ఆ దుంగను గొలుసు పట్టా కింద పెట్టి పైకి వచ్చేస్తారు. టి-72 ముందు భాగంలో, అడుగున ఒక ఉక్కు పలక కూడా ఉంటుంది. దానితో తన గొయ్యి తానే తవ్వుకుని దాక్కుంటుంది! పొగ తెర కావాలా? వేడి సైలెన్సర్‌లోకి కాస్త డీజిల్ చిమ్మితే చాలు. కోట్ల రూపాయల యంత్రం, దుంగతో ఒడ్డెక్కుతుంది!

మీకు తెలుసా? టి-72 ఎత్తు 2.2 మీటర్లే! చిన్న గురి, దొరకడం కష్టం. అందుకోసం నాలుగో మనిషిని తీసేసి, గుండు పెట్టే పని యంత్రానికి అప్పగించారు. సిబ్బంది కాళ్ల కిందే తిరిగే పళ్లెంలో 22 గుళ్లు. దెబ్బ లోపలికి తగిలి అవి అంటుకుంటే? టరెట్ గాల్లోకి లేస్తుంది. ఈ ఒక్క చోట రష్యా లెక్కను నేను సమర్థించలేను. మూడు ప్రాణాలు మందుగుండు మీద కూర్చుని ఉన్నాయి!

అమెరికాకు వెళ్దామా? అక్కడ ట్యాంకంటే కారుకు అన్నయ్య!

మీకు తెలుసా? ‘షెర్మన్’ ట్యాంకులు 49,234 తయారయ్యాయి! చేసింది ఎవరు? కార్ల కంపెనీలు, రైలింజన్ల కంపెనీలు. అమెరికాకు ఉక్కు కొదవ లేదు, మనుషులకు కొదవ లేదు. కొదవంతా ఒకటే: యుద్ధం సముద్రానికి అవతల ఉంది! ప్రతి ట్యాంకూ ఓడ క్రేన్‌కు లొంగాలి, ఓడ గర్భంలో పట్టాలి. అందుకే దాదాపు 30 టన్నుల దగ్గర ఆగారు. టైగర్ ఎదురొస్తే ఒక షెర్మన్‌కు కష్టమే. కానీ ఒక్క షెర్మన్ ఎప్పుడు వచ్చింది గనక!

ట్యాంకులు వరదలా వస్తుంటే ఇంజన్లు చాల్లేదు. అప్పుడు క్రైస్లర్ ఏం చేసిందో తెలుసా? ఆరు సిలిండర్ల కారు ఇంజన్లు అయిదు తెచ్చి ఒకటిగా కలిపేసింది! మొత్తం 30 సిలిండర్లు! ఉమ్మడి కుటుంబంలో అయిదుగురు అన్నదమ్ములు ఒకే పొయ్యి మీద వండుకున్నట్టు, అయిదూ కలిసి ఒకే ఇరుసును తిప్పాయి. ఆ ఇంజను పట్టడానికి ట్యాంకునే కాస్త సాగదీయాల్సి వచ్చింది. ఇంకో రకం షెర్మన్‌లో విమానం ఇంజను, మరో దాంట్లో జంట డీజిళ్లు. ఏది దొరికితే అది!

మీకు తెలుసా? నలుగురు మనుషులు ఎత్తుకుపోగలిగే షెర్మన్‌లు కూడా ఉండేవి! 1944లో అమెరికా ‘దయ్యాల సైన్యం’ రబ్బరు ట్యాంకులకు గాలి కొట్టి నిలబెట్టేది. స్పీకర్లలో ట్యాంకుల గర్జన వినిపించేవారు. దూరం నుంచి చూసిన జర్మన్లు నిజమనుకున్నారు. యుద్ధ చరిత్రలో పంక్చర్‌కు భయపడ్డ ట్యాంకులు ఇవే!

నేటి అమెరికా గర్వం ‘ఏబ్రమ్స్’. దీని కడుపులో ఉన్నది విమానాల తరహా టర్బైన్, 1,500 గుర్రాల బలం. డీజిల్, పెట్రోలు, విమానాల ఇంధనం, ఏది పోసినా తాగుతుంది. ఎంత తాగుతుంది? దాదాపు 1,900 లీటర్లు పడితే నాలుగు వందల చిల్లర కిలోమీటర్లు! ట్యాంకు వెనకాలే ట్యాంకర్ల బారు ఉండాలి. సరఫరాకు ఏ లోటూ రానివ్వం అన్న దేశం మాత్రమే చేయగల సాహసం!

గుళ్ల విషయంలో మాత్రం ఏబ్రమ్స్ రష్యాకు పూర్తి వ్యతిరేకం. గుళ్లలో చాలావరకు వెనక వేరే అరలో, ఉక్కు తలుపు అవతల. అవి పేలితే పైకప్పు పలకలు ఊడి మంట ఆకాశంలోకి పోతుంది, మనుషులు బతుకుతారు. ఇంకో రహస్యం: దీని 120 మిల్లీమీటర్ల ఫిరంగి జర్మనీ రైన్‌మెటల్ డిజైను, కవచం ఆలోచన బ్రిటన్‌ది. అమెరికన్ ట్యాంకుకు గొంతు జర్మన్, చర్మం ఇంగ్లిష్!

బ్రిటన్ అనగానే గుర్తొచ్చింది. మీకు తెలుసా? బ్రిటిష్ ట్యాంకుల్లో టీ కాచుకునే ఏర్పాటు ఉంటుంది! 1945లో వచ్చిన సెంచూరియన్ నుంచి ఇదే ఆనవాయితీ. నవ్వకండి, దీని వెనక గట్టి కారణం ఉంది. టీ కోసం సిబ్బంది బయటికి దిగితే ప్రాణానికే ముప్పు. ఫిరంగి చల్లారేలోపు చాయ్ వేడెక్కుతుంది!

ఆ సెంచూరియన్ మొండితనం వింటే ఒళ్లు జలదరిస్తుంది. 1953 అక్టోబర్‌లో ఆస్ట్రేలియా ఎడారిలో బ్రిటన్ అణు పరీక్ష చేసింది. పేలుడుకు అరకిలోమీటరు కూడా లేని దూరంలో ఒక సెంచూరియన్‌ను ఇంజను నడుస్తూ ఉండగా వదిలేశారు. తర్వాత వెళ్లి చూస్తే? ఇంజను ఆగిపోయింది, అంతే! మళ్లీ స్టార్ట్ చేసి నడిపారు. ఆ తర్వాత అదే ట్యాంకు వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చింది!

అంతకుముందు మాత్రం బ్రిటన్ తప్పటడుగులు వేసింది. కాలిబంటుల వెంట నడిచే నెమ్మది ట్యాంకులు వేరు, పరుగులు పెట్టే ‘క్రూజర్’లు వేరు అని ఇంటిని రెండు వాటాలు చేసింది. పైగా వాళ్ల రైలు మార్గాలు ఇరుకు. సొరంగాల్లో పట్టాలి కాబట్టి ట్యాంకు సన్నం, ట్యాంకు సన్నం కాబట్టి టరెట్ చిన్నది, టరెట్ చిన్నది కాబట్టి ఫిరంగీ చిన్నదే! నన్నడిగితే ట్యాంకుల చరిత్రను జనరల్స్ కన్నా రైల్వేవాళ్లే ఎక్కువ రాశారు!

మీకు తెలుసా? బ్రిటన్‌లో ట్యాంకుల మేధావి పెర్సీ హోబార్ట్‌ను 1940లో ఇంటికి పంపేశారు. ఆ మేజర్ జనరల్ ఊరి కాపలా దళంలో లాన్స్ కార్పొరల్‌గా చేరారు! చర్చిల్ వెనక్కి పిలిపించారు. ఆయన దళం ఏం సిద్ధం చేసిందో చూడండి: గొలుసులతో నేలను బాదుతూ మందుపాతరలు పేల్చే ట్యాంకు, ఇసుక మీద తివాచీ పరుస్తూ పోయే ట్యాంకు, సముద్రంలో ఈదే ట్యాంకు! 1944లో నార్మండీ తీరాన అవన్నీ పనిలోకి దిగాయి.

స్వీడన్ ఏకంగా టరెట్‌నే పీకేసింది! 1967లో వచ్చిన ‘ఎస్’ ట్యాంకులో ఫిరంగి కదలదు. గురి పెట్టాలంటే ట్యాంకే పక్కకు తిరుగుతుంది, ట్యాంకే పైకి లేచి కిందికి వంగుతుంది! ముగ్గురు సిబ్బందిలో ఒకరు వెనక్కి తిరిగి కూర్చుంటారు, ఆయన ముందు ఇంకో స్టీరింగ్. ముందుకు ఎంత వేగమో వెనక్కీ అంతే వేగం! అడవుల్లో పొంచి, కొట్టి, తప్పుకోవాలనే దేశానికి ఇంతకంటే ఏం కావాలి?

మీకు తెలుసా? ఇజ్రాయెల్ ‘మెర్కావా’లో ఇంజను ముందు ఉంటుంది! బ్రిటన్ 1969లో తన చీఫ్టెన్ ట్యాంకులు అమ్మనంది. సరే, మేమే చేసుకుంటాం అన్నారు జనరల్ ఇజ్రాయెల్ తాల్. చిన్న దేశం, మనుషులు తక్కువ. ట్యాంకు పోతే పోనీ, మనిషి పోకూడదు. అందుకే ముందు నుంచి వచ్చే గుండు మొదట ఇంజనును దాటాలి. వెనక ఒక తలుపు. దెబ్బలు తిన్నవాళ్లను అందులోంచి లోపలికి లాక్కుంటారు. ట్యాంకుల్లో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఏ ఫిరంగీ కాదు, ఆ తలుపు!

జపాన్ భయం శత్రువు కంటే ముందు వంతెన! 50 టన్నుల టైప్-90ని మోయగల వంతెనలూ రోడ్లూ తక్కువని దాన్ని ఎక్కువగా హొక్కైడో ద్వీపంలోనే ఉంచారు. తర్వాతి టైప్-10ని 44 టన్నులకు చిక్కించారు. అది మోకాళ్ల మీద కూర్చున్నట్టు ముందుకూ వెనక్కూ వంగుతుంది. కొండల దేశం కదా!

ఇక మన సంగతి. మీకు తెలుసా? 1948 నవంబర్ 1న జోజీలా కనుమలో మన స్టువర్ట్ ట్యాంకులు ప్రత్యక్షమయ్యాయి, 11,000 అడుగులకు పైన! అంత ఎత్తుకు ట్యాంకు వస్తుందని శత్రువు కలలో కూడా అనుకోలేదు. 1962లో మరీ చిత్రం. ఫ్రెంచి ఎఎంఎక్స్-13 ట్యాంకులను విమానాల్లో ఎక్కించి లడఖ్‌లోని చుషూల్‌లో దింపారు! రెక్కలు కట్టక్కర్లేదు, విమానంలో పడితే చాలు!

1965 సెప్టెంబర్‌లో అసల్ ఉత్తర్ దగ్గర చెరకు తోటల్లోకి నీళ్లు వదిలారు. పాకిస్తాన్ వాడుతున్న అమెరికన్ పాటన్ ట్యాంకులు ఆ బురదలో చిక్కుకున్నాయి. జీపు మీది ఫిరంగితో అబ్దుల్ హమీద్ ట్యాంకులనే కూల్చి, ప్రాణమిచ్చి, పరమవీర చక్ర పొందారు. పట్టుబడ్డ ట్యాంకులతో ఏకంగా ఒక పేటే వెలిసింది: పాటన్ నగర్!

మీకు తెలుసా? టి-34లోని ఇంజను ఇంకా బతికే ఉంది! పన్నెండు సిలిండర్లు, 38.8 లీటర్లు. బలం 500 గుర్రాల నుంచి 1,000కి పెరిగింది, కొలత మాత్రం అదే. ఎక్కడుందంటారా? మన ‘భీష్మ’ టి-90లో! కోష్కిన్ కాలం నాటి ఇంజనుకు మునిమనవడు ఇప్పుడు రాజస్థాన్ ఇసుకలో పరుగులు తీస్తున్నాడు!

మన సొంత ‘అర్జున్’ తీరే వేరు. రష్యన్ దారిలో వెళ్లకుండా నలుగురు సిబ్బంది, 58 టన్నులకు పైన బరువు, జర్మన్ ఇంజను. 1974లో మొదలుపెడితే 2004లో సైన్యం చేతికొచ్చింది. ముప్ఫై ఏళ్లు! ఓపికకు రికార్డు ఉంటే మనకే ఇవ్వాలి. లడఖ్ కొండలకు ఇంత బరువు కుదరదని 25 టన్నుల ‘జొరావర్’ కూడా సిద్ధం చేస్తున్నాం.

ఆ అర్జున్ ఒంటి మీది కవచం ఎక్కడ పుట్టిందో చెప్పండి చూద్దాం. హైదరాబాద్‌లో! కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల, అదే డీఎంఆర్‌ఎల్, దాన్ని తయారుచేసింది. ఆ పేట పేరే కవచానికి పెట్టారు: ‘కంచన్’! సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో అయితే నీళ్ల మీద తేలే ‘సారథ్’ యుద్ధ శకటాలు తయారవుతాయి. తెలుగు నేల మీద ఉక్కు ఈత కొడుతుంది!

చివరగా ఒక మాట. షిర్డీ వెళ్లే తెలుగువాళ్లు ఏటా లక్షల్లో ఉంటారు కదా. అక్కడికి 80 కిలోమీటర్లకు అటూ ఇటూ దూరంలో, అహ్మద్‌నగర్‌లో, అదే ఇప్పటి అహిల్యానగర్‌లో, సైన్యం నడిపే ట్యాంకుల మ్యూజియం ఉంది. 1994లో పెట్టారు. బ్రిటన్ మటిల్డా, వాలెంటైన్, జపాన్ బుల్లి ట్యాంకు, మనం పట్టుకొచ్చిన పాటన్, అన్నీ వరసగా నిలబడి ఉంటాయి. బాబా దర్శనం అయ్యాక పిల్లల్ని అటు తీసుకెళ్లండి. బోర్డు చదవకుండా ఏ ట్యాంకు ఏ దేశానిదో చెప్పమనండి!